పురాణాన్ని మన కాలవగట్టు మీదికి తేవడం ఎలా?

నెలకోసారి మేం పదిమందిమి లైబ్రరీ మేడ మీద కూర్చుని ఒకరి రాతలు ఒకరం చదువుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్లలో సగం మంది సంచీలోంచి తీసేది ఒకటే రకం కాగితాల కట్ట. పురాణ కథని ఈ కాలంలో పెట్టి రాసిన వెటకారం నవల. మొదటి పేజీలో నారదుడు టీవీ యాంకరు. రెండో పేజీలో చిత్రగుప్తుడి ముందు కంప్యూటరు, అది హ్యాంగవుతుంది. ముప్ఫయ్యో పేజీకి కథ ఆగిపోయి ఉంటుంది. "ఇక్కణ్ణించి ముందుకి కదలట్లేదండీ, ఏం చెయ్యమంటారు?" అంటారు.

నన్నడిగితే తప్పు ముప్ఫయ్యో పేజీలో లేదు, మొదటి పేజీలోనే ఉంది. నేనూ ఒకప్పుడు సరిగ్గా అక్కడే ఆగినవాణ్ణి. మళ్లీ మొదటినుంచి రాసుకున్నప్పుడు ఏ వరసలో చేశానో, అదే వరస ఇక్కడ పెడుతున్నాను. ఉదాహరణలన్నీ గౌతముడు గోదావరిని తెచ్చిన కథ మీదే నడుస్తాయి. డెల్టాలో ఉన్నవాడికి అది ఇంటి కథ. మీరు వేరే కథ తీసుకున్నా పద్ధతి ఇదే.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

- ఒక కథ, దానికి రెండు పాఠాలు. గుడి దగ్గర అమ్మే సన్నటి స్థలపురాణం పుస్తకం ఒకటి, పెద్ద పురాణంలో ఉన్నది ఒకటి.
- మీరు సైకిల్ మీద తిరిగి రాగలిగిన ఒక ఊరు. ఊహలో ఊరు కట్టుకుంటే కాలవ ఎటు పారుతుందో మీకే గుర్తుండదు.
- చేత్తో గీసిన పటం. లాకు, తూము, పంటబోదె, డ్రెయిను, గుడి, టీకొట్టు ఎక్కడెక్కడున్నాయో అందులో ఉండాలి.
- వినేవాళ్లు ఇద్దరు. ఏకాదశి ఉపవాసం తప్పనివారు ఒకరు, దేన్నీ నమ్మనివారు ఒకరు. ఇద్దరూ ఒకే ఇంట్లో దొరికితే మీ అదృష్టం.
- నోట్ బుక్కు. ఫోన్లో కొట్టుకుంటానంటే సరే, యూనికోడ్‌లోనే కొట్టండి. ఎందుకో చివర్లో చెప్తాను.
- ఆర్నెల్లు. రోజుకో పేజీ రాస్తే నూట ఎనభై పేజీలు. అంతకన్నా పొడుగు వెటకారం చదివేవాడికి వెగటు.

2027లో గోదావరి పుష్కరాలు. అప్పటికి పుస్తకం బయటికి రావాలని టెన్షన్ పడేవాళ్లు నాకు తెలిసినవాళ్లే నలుగురున్నారు. మీరు పడకండి. పుష్కరం పన్నెండేళ్లకోసారి వస్తూనే ఉంటుంది.

1. చిన్న కథ తీసుకోండి, షరతు ఉన్న కథ తీసుకోండి

రామాయణం మొత్తం, భారతం మొత్తం వద్దు. ఆరు వాక్యాల్లో చెప్పగలిగిన కథ కావాలి. మధ్యలో ఒక వరమో శాపమో, "ఇలా అయితేనే" అనే మెలిక ఉండాలి. నవల నడిచేది ఆ మెలిక మీదే.

మన చుట్టూ కొదవ లేదు. అంతర్వేదిలో రక్తవిలోచనుడి కథ ఉంది. వాడి రక్తం నేల మీద పడితే తడిసిన ఇసుక రేణువులెన్నో అంతమంది రాక్షసులు పుడతారని వరం. ఇసుక ర్యాంపు దగ్గర గంటసేపు నిలబడ్డవాడికి ఈ కథ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ర్యాలిలో ఒకే శిలలో ముందు కేశవుడు, వెనక మోహిని. భాగవతం అష్టమ స్కంధంలో ఆ మోహిని అమృతం పంచుతుంటే రాహువు దేవతల వరసలో దూరి కూర్చున్నాడు. రేషన్ క్యూలో నిలబడ్డవాళ్లు చదివితే రాహువు ఎవరో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు. ద్రాక్షారామం దగ్గర దక్షయజ్ఞం ఉంది. శుభలేఖ అందలేదని పదేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు లేని ఊరు మన వైపు ఉందా? ఇక జగ్గన్నతోట. ఏటా కనుమనాడు పదకొండు మంది రుద్రులు ప్రభల మీద కాలవ దాటి వచ్చి కొబ్బరితోటలో సమావేశమవుతారు. ఆ మీటింగుకి మినిట్స్ ఎవరు రాస్తారన్న ఒక్క ప్రశ్న చాలు, పుస్తకం అయిపోతుంది.

హెచ్చరిక: నవలకి ఒకే కథ. గౌతముడి నవలలో "ఎలాగూ ఉన్నాడు కదా" అని అహల్యని కూడా తెచ్చారో, రెండు నవలలూ పాడవుతాయి.

2. ఎముకలు విడిగా రాసుకోండి

కథని ఆరు వాక్యాల్లో రాసి గోడకి అంటించండి. నాది ఇదీ:

కరువులో గౌతముడి పొలం మాత్రం పండేది, మిగతా మునులంతా అక్కడే భోంచేసేవారు. తిన్నవాళ్లే ఓర్వలేక మాయాగోవుని సృష్టించి చేలోకి తోలారు. గౌతముడు గడ్డిపరక విసిరి అదిలిస్తే ఆవు పడి చచ్చింది. గోహత్యా పాతకం పోవాలంటే గంగని తేవాలని చెప్పినవాళ్లు కూడా ఆ మునులే. ఆయన శివుడి కోసం తపస్సు చేసి తెచ్చాడు, అదే గోదావరి. చివరికి సముద్రం దగ్గర సప్తర్షులు తలా ఒక పాయ పట్టుకుపోయారు, పాయలకి వాళ్ల పేర్లే పడ్డాయి.

రెండు పాఠాలు ఎందుకన్నానంటే, వాటి మధ్య తేడా ఉన్నచోటే మీకు రాసుకునే జాగా దొరుకుతుంది. ఒక పాఠంలో ఆవు రూపంలో వచ్చింది వినాయకుడు, ఇంకోదాంట్లో ఉత్త మాయ. ఆవు పడ్డ చోటు మా దగ్గరేనని కొవ్వూరు గోష్పాద క్షేత్రం వారు చెప్తారు. మీ నవలకి ఏది పనికొస్తుందో ఒకటి ఎంచుకుని ఇక మార్చకండి.

ఇప్పుడు ఆరింట్లో ఏది తీసేస్తే కథ కూలిపోతుందో చూసి దాని కింద గీత పెట్టండి. నేను గీత పెట్టింది ఇది: ఆవు మాయ, పాతకం మాత్రం నిజం. ఈ ముక్క దొరకడానికి నాకు మూడు నెలలు పట్టింది. దొరికాక నవల దానంతటదే కదిలింది.

3. వస్తువుకి వస్తువు పెట్టకండి, పనికి పని పెట్టండి

అందరూ దెబ్బతినేది ఇక్కడే. వజ్రాయుధం బదులు తుపాకీ, పుష్పకం బదులు హెలికాప్టరు, దివ్యదృష్టి బదులు సీసీ కెమెరా. ఇలా రాస్తే ప్రతి పేజీలో ఒక చిన్న నవ్వు వస్తుంది, పేజీ తిప్పగానే పోతుంది.

నోట్ బుక్కులో పేజీకి మధ్యన గీత గీయండి. ఎడమవైపు పురాణంలో ఆ వస్తువు *ఏం చేస్తుందో* రాయండి, ఏమిటో రాయొద్దు. కుడివైపు, మన ఊళ్లో ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో, దేనితో చేస్తున్నారో రాయండి.

కరువు: ఎడమవైపు "అందరికీ నీళ్లుండవు, ఒకరికి ఉంటాయి" అని రాశాను. డెల్టాలో కరువేమిటి అంటారు మీరు. శివారు ఆయకట్టుకి, అంటే కాలవ చివరి పొలాలకి, వెళ్లి చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు నిండుగా ఉంటాయి, సముద్రం వైపు ఆఖరి బోదెలో కప్ప కూడా ఉండదు. వానొస్తే అదే చేలో మురుగు దిగదు. 2011 సార్వాకి, అంటే తొలి పంటకి, కోనసీమ రైతులు పంట విరామమని చేలు వదిలేశారంటే ఊరికే వదల్లేదు. కాబట్టి నా గౌతముడు శివారు రైతు. చుట్టూ చేలు ఎండుతుంటే అతనిదొక్కటే పండుతుంది, తూము దగ్గర రాత్రంతా కాపలా పడుకుంటాడు గనక.

మాయాగోవు: దీని దగ్గర రెండుసార్లు తప్పటడుగు వేశాను. మొదట డ్రోన్ అని రాశాను, చించేశాను. తర్వాత పక్కవాడి రొయ్యల చెరువులోంచి వదిలిన ఉప్పునీరు అన్నాను. అది మన దగ్గర నిజంగా ఉన్న గొడవే గానీ, అందులో మాయ లేదు. చివరికి ఎడమవైపు రాసుకున్నది మళ్లీ చదివాను: "జరగని హత్యకి జరిగినట్టు పాపం అంటిస్తుంది." ఆవుని ఆవుగానే ఉంచేశాను. చెవికి పసుపుపచ్చ ట్యాగుతో సహా. మాయ ఆవులో లేదు, పదిహేను సెకన్ల వీడియోలో ఉంది.

తపస్సు: ఏళ్ల తరబడి ఒంటికాలి మీద నిలబడటం. కుడివైపు రాయడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. కలెక్టరాఫీసులో ప్రతి సోమవారం గ్రీవెన్స్, అంటే అర్జీలు తీసుకునే రోజు. శివుడి రోజూ సోమవారమే. ఇలాంటివి మీరు కల్పించలేరు, ఎదురైనప్పుడు వదులుకోకూడదు.

పాయలు: ఎడమవైపు "ఒకడు తెచ్చినదానికి ఏడుగురు పేర్లు పెట్టుకున్నారు". కుడివైపు శిలాఫలకాలు. వసిష్ఠ, కౌశిక, ఆత్రేయ, భరద్వాజ, తుల్యభాగ... వాటిలో గౌతమి అని ఆయన పేరునా ఒకటి ఉంది, కాదనను. ఏడింట్లో ఒకటి.

ఈ పట్టికలో కుడివైపు ఖాళీగా మిగిలినవాటిని బలవంతంగా నింపకండి. వదిలేయండి. పది వరసల్లో ఆరు నిండితే నవలకి చాలు.

మన నేల మీద ఈ పని కొత్తదేం కాదు. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరని భగీరథుడని శ్లోకం కట్టి, స్నానం చేసేటప్పుడు తలుచుకున్నారు మనవాళ్లు. కోటూ టోపీ ఉన్న భగీరథుడు. నీళ్లు తెచ్చే పని చేశాడు గనక ఆ పేరు అతికింది.

4. దేవుణ్ణి తెర వెనకే ఉంచండి

శివుడి పాత్ర కలెక్టరుకి ఇవ్వాలా, మంత్రికి ఇవ్వాలా అని అడుగుతుంటారు. ఎవరికీ ఇవ్వకండి. దేవుడు రంగం మీదికొస్తే మీరు ఆయన మీద జోకు వేయాలి, లేదా ఆయన చేత డైలాగు చెప్పించాలి. మొదటిది వేశారంటే నవ్వేవాడు ఉండడు. రెండోది చేశారంటే నవల కాస్తా హరికథ అవుతుంది. నా నవలలో శివుడు లేడు, ఆయన సోమవారం ఉంది. ఎగతాళంతా దేవుడి పక్కన నిలబడి ఫొటో దిగేవాడి మీద.

అద్భుతాలు ఎన్ని ఉండొచ్చు? ఒక్కటి. అదీ కథ మొదట్లో. నా దాంట్లో అసలు లేదు, కానీ కావాలంటే ఆవు నిజంగానే మాయమయ్యేలా రాసుకోవచ్చు. అలా రాస్తే ఊరివాళ్లు ఆశ్చర్యపోకూడదు, "రసీదు ఏదీ" అని అడగాలి.

5. కథ ఎవరు చెప్తున్నారో తేల్చండి

రచయిత చెప్తే వెటకారం కాస్తా ఉపన్యాసం అయిపోతుంది. నా మొదటి రాతలో ఒక వాక్యం చూడండి:

"అవినీతిలో కూరుకుపోయిన అధికారులు శివారు రైతుల కన్నీళ్లను ఏమాత్రం పట్టించుకోలేదు."

ఇందులో తప్పేం లేదు. ఎక్కడైనా చదివేదే. నవ్వు రాదు, కోపమూ రాదు. తర్వాత కథ చెప్పే పని లాకు దగ్గర లష్కరుకి అప్పగించాను. తలుపులు ఎత్తేదీ దించేదీ అతనే, అందరూ తిట్టేదీ అతన్నే. అదే విషయం అతను చెప్తే ఇలా వచ్చింది:

"ఇంజనీరు గారు వచ్చారండి. ఎండ కదండీ, పాపం, కారు దిగకుండానే కాలవ చూశారు. చూసి, 'నీళ్లున్నాయి కదయ్యా' అన్నారు. ఉన్నాయండి మరి. గుర్రపుడెక్క కింద ఎక్కడో ఉండే ఉంటాయి. అంతటి పెద్దవారు ఉన్నాయని సెలవిచ్చాక లేకుండా పోవడానికి వాటికెంత ధైర్యమండీ!"

గోదావరి వెటకారం కిటుకంతా ఇందులోనే ఉంది. ఎదురు చెప్పకూడదు. ఒప్పుకోవాలి. ఒప్పుకుని, పెద్దమనిషి అన్న మాటనే చెయ్యిపట్టుకుని ఇంకో నాలుగడుగులు ముందుకి తీసుకెళ్లాలి. అక్కడ అదే గోతిలో పడుతుంది. తప్పు ఎంత పెద్దదైతే "అండి" అంత మెత్తగా పలకాలి. గొంతు లేచిందంటే అది తిట్టు, వెటకారం కాదు.

ఆవు పడిన ఘట్టం కూడా అతని నోటే:

"ఆవు పడిందండి. గోతమయ్య గారు విసిరింది గడ్డిపరకే, నేను తూము దగ్గరే ఉన్నాను. పడ్డ ఆవు కాసేపటికి లేచి, ఒళ్లు దులుపుకుని, గట్టు పక్కన ఇంకో నాలుగు దుబ్బులు మేసి మరీ ఇంటికెళ్లింది. వీడియోలో మాత్రం లేవలేదండి. పదిహేను సెకన్లకే ఆగిపోయింది కదా, లేవడానికి దానికి టైమేదీ? పశువుల డాక్టరు గారు బతికే ఉందని కాయితం రాసిచ్చారు. ఆ కాయితాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు."

గౌతమయ్య గారిని ఊళ్లో గోతమయ్య అంటారు, పంట ఎప్పుడూ గోతాల లెక్కలో చెప్తాడు గనక. పేర్లు ఇలా పుట్టాలి. గౌతమ్ కుమార్ అని పెడితే మొదటి పేజీలోనే గుట్టు రట్టవుతుంది.

ప్రత్యామ్నాయం: చెప్పేవాడు దొరక్కపోతే నవల మొత్తాన్ని అర్జీల్లో రాయండి. ఒక సోమవారం అర్జీ, మరుసటి వారం "మీ అర్జీ సంబంధిత శాఖకు పంపడమైనది" అని జవాబు. ఆఫీసు తెలుగుని ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు దింపితే చాలు, మీరు జోకు వేయక్కర్లేదు.

యాస గురించి ఒక మాట. ప్రతి వాక్యం చివర "ఆయ్" పెడితే అది సినిమా గోదావరి. మా ఇంట్లో రోజంతా విన్నా ఆయ్ అన్న మాట రెండు మూడుసార్లు వినపడుతుందేమో. ఒక పాత్రకి పెట్టండి, అదీ అబద్ధం చెప్పేటప్పుడు మాత్రమే అనేలా. "ఏటి", "ఎల్తన్నాను" లాంటివి కలగాపులగంగా వాడితే శ్రీకాకుళం వచ్చి కోనసీమలో పడుతుంది. ఊళ్లో అందరూ ఒకేలా మాట్లాడరు కూడా. మాస్టారిదొక భాష, కొబ్బరి దింపు తీసేవాడిదొక భాష, కౌలు రైతుదొక భాష. ముగ్గురి మాటలూ నోట్ బుక్కులో పేజీ చొప్పున రాసుకుని ఆ తర్వాత నవల మొదలుపెట్టండి.

6. అధ్యాయాలని పంటకి కట్టండి

ఇది చిన్న పనే, చాలామంది మర్చిపోతారు. ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు, జూన్ మొదట్లో వదులుతారు. సార్వా నాట్లు, వరదల కాలం, పులస, కార్తీకం, కోతలు, సంక్రాంతి, దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతులవారీ నీళ్లు. వీటి మీద అధ్యాయాలు పరుచుకుంటే "తర్వాత ఏం రాయాలి" అన్న ప్రశ్న సగం పోతుంది. గౌతమయ్య నిరాహార దీక్ష జూలైలో పెట్టారనుకోండి, వానొచ్చి నీళ్లు వాటంతటవే వస్తాయి, మీ కథ మునిగిపోతుంది. దాళ్వా వంతుల్లో, ఫిబ్రవరిలో పెట్టండి.

పాత సంవత్సరాల్లో పెట్టి రాసేవాళ్లు జాగ్రత్త. 1986 ఆగస్టు వరద, కొబ్బరితోటలు కూల్చిన 1996 నవంబర్ తుఫాను, 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంట రెండు నెలలకి పైగా ఆరకపోవడం, ఇవి ఇక్కడి ఏ ముసలాయన్ని కదిలించినా తేదీలతో చెప్తారు. 1996 డిసెంబర్లో మీ నాయిక నిండు కొబ్బరితోటలో పాట పాడుతుంటే మీ పుస్తకం అక్కడే మూసేస్తారు.

7. మొదటి ప్రతి వెనక్కి చూడకుండా రాయండి

పెద్దగా చెప్పేదేం లేదు. రోజుకో పేజీ. నిన్నటి పేజీ దిద్దకండి. జోకు తట్టకపోతే ఖాళీ వదిలి, జరిగింది రాసుకుంటూ పోండి. నవల మరీ బరువనిపిస్తే ఆవు ఘట్టం ఒక్కటే ఇరవై పేజీల పెద్ద కథగా రాయండి, అది నిలబడితే మిగతాది అదే వస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

*మునులందరూ దుర్మార్గులే కావడం.* వాళ్లు గౌతముడి ఇంట్లో అన్నం తిన్నారు. తిన్నవాడికి ఉండే నామోషీ ఉంటుంది చూడండి, ఈర్ష్య అందులోంచి పుట్టింది. నా నవలలో వీడియో తీసినవాడికీ శివార్లోనే ఎకరన్నర ఉంది, అదీ ఎండింది. నీళ్లు వస్తే అతని చేనూ తడుస్తుంది. పరిహారం ఏం పెట్టాలో పెద్దలకి సలహా ఇచ్చిందీ అతనే.

*జోకు బక్కవాడి మీద పడటం.* కూలీ యాస మీద, నల్లరంగు మీద, ఆడవాళ్ల వంటల మీద నవ్వు తెప్పించడం తేలిక. ప్రతి జోకు పక్కన మార్జిన్లో ఎవరి మీదో ఒక అక్షరం రాయండి: పె అంటే పెద్దవాడు, స అంటే సాటివాడు, బ అంటే బక్కవాడు. బ ఉన్నవన్నీ కొట్టేయండి. నా మొదటి ప్రతిలో పదకొండు బ లు వచ్చాయి, అప్పటిదాకా నేను మంచివాణ్ణనే అనుకున్నాను.

*ఇంటిపేర్లు.* మన జిల్లాల్లో ఇంటిపేరు వింటే ఊరు, కులం, ఎవరి అల్లుడో కూడా చెప్పేస్తారు. పాత్రకి ఇంటిపేరు పెట్టిన క్షణం నుంచి మీది వ్యంగ్య నవల కాదు, పంచాయితీ. మారుపేర్లతో నడపండి.

*సూచన విప్పి చెప్పడం.* "గౌతమయ్యకి పురాణంలోని గౌతమ మహర్షి గుర్తొచ్చాడు" అని పాత్ర చేత అనిపించకండి. ఎవరికి గుర్తు రావాలో వాళ్లకి వస్తాడు.

8. ఫలితం సరిచూసుకోవడం

ముందు పురాణం తెలియనివారికి ఇవ్వండి. కథ కథగా నిలబడిందా? గౌతముడెవరో తెలియని ఇంటర్ కుర్రాడు వీడియో తర్వాత ఏమైందని అడిగితే మీరు పాసైనట్టు.

తర్వాత తెలిసినవారికి ఇచ్చి, ఏ పేజీలో పట్టుకున్నారో పెన్సిల్‌తో గీత పెట్టమనండి. మొదటి పది పేజీల్లోనే పట్టేస్తే పేర్లో వేషాలో ఎక్కువ అరుస్తున్నాయి, తగ్గించండి. చివరిదాకా పట్టలేకపోతే ఎముక ఒకటి ఎక్కడో జారిపోయింది, గోడ మీద కాగితంతో పోల్చుకోండి. నూట ఎనభై పేజీల పుస్తకంలో అరవై దగ్గర పట్టుకోవడం నాకు నచ్చింది.

ఇక ఆ ఇద్దరు శ్రోతలు. బయటికి చదివి వినిపించాలి, కాగితం ఇస్తే లాభం లేదు. మా పెద్దమ్మ వత్తులు చేసుకుంటూ విన్నది. ఇంజనీరు దగ్గర నవ్వింది, వీడియో దగ్గర "హవ్వ" అంది. పాతకం అంటించాక గౌతమయ్య ఊరివాళ్లకి అన్నం పెట్టడం మానేశాడని చదివినప్పుడు మాత్రం వత్తి చేసే చెయ్యి ఆపేసింది. "ఏరా, పెట్టినవాడు మానతాడుట్రా?" అంది. అంతే, ఇంకేం అనలేదు. వారం రోజులు గింజుకుని ఆ అధ్యాయం మార్చాను. ఇప్పుడు వీడియో ఫార్వర్డ్ చేసినవాళ్లే మధ్యాహ్నం గౌతమయ్య ఇంట్లో విస్తరి ముందు కూర్చుంటారు, ఆయన "పప్పు వేయించుకోండి" అంటాడు. దేన్నీ నమ్మని మా మావయ్య మొత్తం పుస్తకంలో పడీపడీ నవ్వింది ఆ ఒక్కచోటే.

నమ్మకం ఉన్నవారు నొచ్చుకున్నచోట పురాణం ఎముక విరిగిందేమో చూడండి. నమ్మకం లేనివారు ఆవలించినచోట మీరు ఉపన్యాసం ఇస్తున్నారేమో చూడండి. ఇద్దరూ ఒకేచోట చిరాకు పడితే ఆ పేజీ తీసేయండి.

చివరగా పటం. లాకు నుంచి చేనుకి పాత్ర ఎంతసేపట్లో చేరిందో లెక్క చూసుకోండి. నా లష్కరు ఒక అధ్యాయంలో రేవు దాటకుండానే వైనతేయ పాయ అవతలికి వెళ్లిపోయాడు. పురాణంలో గరుత్మంతుడికి చెల్లుతుంది, లష్కరుకి చెల్లదు.

9. చట్టం సంగతి

మతవిశ్వాసాలని కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే పాత శిక్షాస్మృతిలో 295ఎ సెక్షను ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 299. మూడేళ్ల దాకా జైలు ఉంది. పరువునష్టం 356. నాలుగో అంచెలో చెప్పినట్టు దేవుణ్ణి తెర వెనక ఉంచినవారికి మొదటిదానితో పెద్దగా పని పడదు. రెండోది ఎక్కువ జాగ్రత్త పడాల్సింది. మీ ఊరి నీటిసంఘం పెద్దాయనకి మీసం, బుల్లెట్టు, బంగారు గొలుసు ఉంటే, మీ పాత్రకి మూడూ పెట్టకండి. ఒకటి తీసి గొడుగు ఇవ్వండి. నిజం సంఘటన మీద ఆధారపడి ఉంటే అచ్చుకి ముందు తెలిసిన లాయరుకి ఒకసారి చూపించండి.

10. అచ్చుకి వెళ్లేటప్పుడు

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. డెమ్మీ సైజులో ఫారానికి, అంటే అచ్చయ్యే ఒక పెద్ద కాగితానికి, పదహారు పేజీలు, కాబట్టి మొత్తం పేజీలు పదహారుతో భాగారం పోయేలా చూసుకుంటే వెనక తెల్లకాగితాలు మిగలవు.

యూనికోడ్ ఎందుకన్నానంటే, డీటీపీ వాళ్లు చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చుకుని పేజీలు కడతారు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, పొల్లులు చెదురుతాయి. మీ ప్రతి కూడా ఏదో పాత ఫాంట్లో ఉంటే రెండుసార్లు మార్చాలి, రెండుసార్లు చెడుతుంది. పేజీలు కట్టాక కనీసం రెండు ప్రూఫులు కాగితం మీద చూడండి, తెర మీద చూస్తే కన్ను మోసపోతుంది.

మొదట చూడాల్సింది శిలాఫలకాల అధ్యాయం. అక్కడ ఆరుగురి పేర్లు బిరుదులతో, హోదాలతో, ఒక్క తప్పు లేకుండా ఉంటాయి. ఏడో ఫలకం మీద, నీళ్లు తెచ్చినాయన పేరు మాత్రం "గోతమయ్య" అని చెక్కి ఉంటుంది. మీ నవలలోనూ కావాలని చేసిన ఇలాంటి తప్పు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది తప్పు కాదని ప్రూఫ్ రీడరుకి ముందే చీటీ రాసి ఇవ్వండి. నేను ఇవ్వలేదు. ఆయన ఎంతో శ్రద్ధగా "గౌతమయ్య" అని దిద్ది పంపారు.